కాలిఫోర్నియా స్కూల్ డిస్ట్రిక్ట్ మెయిళ్ళు: ఆగస్టు నుంచి నవంబరు దాకా నా అనుభవం

కాలిఫోర్నియాలో చాలా బడులు ఆగస్టు మధ్యలో తెరుస్తారు. అప్పట్నుంచి థాంక్స్‌గివింగ్ సెలవుల దాకా డిస్ట్రిక్ట్ (అంటే జిల్లా కాదు, ఒక ప్రాంతంలోని ప్రభుత్వ బడులను నడిపే సంస్థ) నుంచి, ప్రిన్సిపాల్ నుంచి, టీచర్ నుంచి, పీటీఏ అనే తల్లిదండ్రుల-టీచర్ల సంఘం నుంచి మెయిళ్ళు వస్తూనే ఉంటాయి. వాటిలో సగానికి పైగా చదవకపోయినా కొంపేం మునగదు. నాలుగైదు మాత్రం వదిలేస్తే ఏడాదంతా, ఒక్కోటి ఏళ్ళ తరబడి వెంటాడుతుంది. శాంటా క్లారా కౌంటీలో పిల్లల్ని చదివించుకుంటూ ఈ కాగితాలన్నీ దాటాక, ఏది ఎందుకు ముఖ్యమో రాస్తున్నాను.

ముందు మీది ఏ డిస్ట్రిక్టో చూసుకోండి. ఇక్కడ ఊరి హద్దులు వేరు, బడి హద్దులు వేరు. కూపర్టినో యూనియన్, సన్నీవేల్ వంటివి ఎలిమెంటరీ డిస్ట్రిక్టులు, అంటే 8వ తరగతి దాకానే. హైస్కూళ్ళు ఫ్రీమాంట్ యూనియన్ అనే వేరే డిస్ట్రిక్ట్ చేతిలో ఉంటాయి. దానికీ ఫ్రీమాంట్ ఊరికీ ఏ సంబంధమూ లేదు. ఆ ఊరికి ఫ్రీమాంట్ యూనిఫైడ్ అని సొంత డిస్ట్రిక్ట్ ఉంది. శాన్ హోసేలో కొన్ని వీధులు కూపర్టినో యూనియన్ కిందికి వస్తాయి కూడా. అద్దె అగ్రిమెంటు మీద సంతకం పెట్టకముందే ఆ అడ్రసును డిస్ట్రిక్ట్ స్కూల్ లొకేటర్‌లో కొట్టి చూడడం మేలు.

ఏటా మొదట వచ్చేది పోర్టల్‌లో వివరాలు సరిచూసుకోమనే మెయిల్. అందులో అసలు సంగతి ఎమర్జెన్సీ కాంటాక్టులు. ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మో తాతయ్యో సాయంత్రం పిల్లల్ని తీసుకురావాలంటే వాళ్ళ పేర్లు ఆ జాబితాలో ఉండాలి. పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయండి. మనం ‘సీతమ్మ గారు’ అని రాస్తాం, పాస్‌పోర్టులో ఇంటిపేరుతో కలిపి ‘వెంకట సీతామహాలక్ష్మి’ అని ఉంటుంది. ఆఫీసులో ఐడీ అడిగి, రెండూ కలవకపోతే మీకు ఫోన్ చేస్తారు. మీరు మీటింగులో ఉంటే పెద్దావిడ అక్కడ కుర్చీలో కూర్చోవాల్సిందే. బడిలో చేర్చడానికి వీసా స్టేటస్ చెప్పనక్కర్లేదు, వాళ్ళు అడగకూడదు కూడా. వయసుకీ అడ్రసుకీ రుజువులు, టీకాల రికార్డు ఉంటే చాలు.

ఇండియా నుంచి కొత్తగా వచ్చిన కుటుంబాలు ఎక్కువగా ఇరుక్కునేది టీకాల దగ్గరే. కిండర్‌గార్టెన్‌కి కావలసినవి పోలియో 4 డోసులు, డీటాప్ (డిఫ్తీరియా, ధనుర్వాతం, కోరింత దగ్గు టీకా) 5, ఎంఎంఆర్ (మీజిల్స్, మంప్స్, రుబెల్లా టీకా) 2, హెపటైటిస్ బి 3, చికెన్‌పాక్స్ 2. నాలుగో పుట్టినరోజున గానీ ఆ తర్వాత గానీ ఒక డోసు పడి ఉంటే పోలియో 3, డీటాప్ 4 సరిపోతాయి. మన కార్డు నిండా ముద్రలున్నా ఇక్కడ కొన్ని లెక్కకు రావు. తొమ్మిదో నెలలో వేసిన మీజిల్స్ టీకా చెల్లదు, ఎంఎంఆర్ మొదటి పుట్టినరోజు తర్వాత వేసినదై ఉండాలి. 2016 ఏప్రిల్ నుంచి వేసిన పోలియో చుక్కలు కూడా లెక్కలోకి రావు, పోలియో ఇంజెక్షన్ వేరే చూస్తారు. చికెన్‌పాక్స్ మన ప్రభుత్వ టీకాల షెడ్యూలులో లేదు కాబట్టి ప్రైవేటుగా వేయించుకోని పిల్లలకు రెండు డోసులూ బాకీయే. ఆ రెంటికీ మధ్య మూడు నెలలు ఆగాలి. అయినా కంగారు అక్కర్లేదు. మొదలుపెట్టి, తర్వాతి డోసుకు ఇంకా టైము రానివాళ్ళను షరతు మీద చేర్చుకుంటారు, ఆ గడువు దాటితేనే ఇంటికి పంపుతారు. మా నమ్మకాలకు విరుద్ధం అని రాసిచ్చి తప్పించుకునే వెసులుబాటు 2016లోనే పోయింది.

దీని వెంటే టీబీ కాగితం. ఈ కౌంటీలో బడిలో కొత్తగా చేరే పిల్లలకు ఇక్కడి డాక్టరు టీబీ రిస్క్ ఫారం నింపాలి. ఇండియాలో పుట్టారంటే రిస్క్ కింద టెస్టు రాస్తారు. చేతికి సూది గుచ్చి వాపు కొలిచే టెస్టు, ఇండియాలో పుట్టగానే వేసే టీబీ టీకా బీసీజీ పడిన పిల్లల్లో ఊరికే పాజిటివ్ చూపించొచ్చు. అప్పుడు ఎక్స్‌రే అంటారు, అదొక వారం. అపాయింట్‌మెంటప్పుడే బీసీజీ వేయించామని చెప్పి, రక్తపరీక్ష రాయమని అడగండి.

మందుల సంగతి ఒక్క మాటలో: డాక్టరూ మీరూ సంతకం పెట్టిన ఫారం లేకుండా బడిలో టైలెనాల్ అనే మామూలు జ్వరం మందు కూడా ఇవ్వరు, ఆ ఫారం ఏటా కొత్తది కావాలి. ఇండియా నుంచి తెచ్చిన దగ్గు సిరప్పు బ్యాగులో పెట్టి పంపకండి.

ఇక ఇంటి భాష ఫారం. పిల్లలు మొదట ఏ భాషలో మాటలు నేర్చారు, ఇంట్లో ఎక్కువగా ఏది మాట్లాడతారు, మీరు వాళ్ళతో ఏది మాట్లాడతారు, ఇంట్లో పెద్దవాళ్ళు ఏది మాట్లాడుకుంటారు అని నాలుగు ప్రశ్నలు. మొదటి మూడింట్లో ఎక్కడ తెలుగు అని రాసినా 30 రోజుల్లోపు ఎల్ప్యాక్ అనే ఇంగ్లీషు పరీక్ష పెడతారు. టీకే (కిండర్‌గార్టెన్‌కు ముందు ఏడాది తరగతి)లో ఉన్న నాలుగేళ్ళ పిల్లలకు ఇప్పుడు ఈ పరీక్ష తీసేశారు, కిండర్‌గార్టెన్ నుంచే. ‘అన్నింటికీ ఇంగ్లీష్ అని రాసెయ్, గొడవుండదు’ అని సలహా ఇచ్చేవాళ్ళు ప్రతి అపార్ట్‌మెంటులోనూ దొరుకుతారు. నాకది నచ్చదు. ఇంగ్లీషు నిజంగా తడబడే పిల్లలకు దక్కాల్సిన సాయం ఆ ఒక్క అబద్ధంతో పోతుంది. కానీ గొడవ ఎక్కడుందో తెలిసి రాయాలి. ఈ పరీక్షలో తప్పితే ఇంగ్లీష్ లెర్నర్ అని ముద్ర పడుతుంది. ఆ తర్వాత ఏటా ఫిబ్రవరి 1 నుంచి మే 31 మధ్య మళ్ళీ పరీక్ష. ఆ ముద్ర తీయించాలంటే ఎల్ప్యాక్‌లో మొత్తం మీద లెవెల్ 4 రావాలి, టీచర్ సరేననాలి, మీ అభిప్రాయం తీసుకోవాలి, చదవడం రాయడంలో తోటి పిల్లలతో సమానంగా ఉన్నట్టు తేలాలి. ముద్ర పోయాక కూడా నాలుగేళ్ళు గమనిస్తారు.

ఐదేళ్ళ పిల్లలు తప్పేది ఇంగ్లీషు రాక కాదు. ముక్కూ మొహం తెలియని టీచర్ ఎదురుగా కూర్చుని బొమ్మ చూపించి ‘ఇక్కడేం జరుగుతోంది’ అంటే నోరు విప్పరు, లేదా ఒక్క మాటతో ఆపేస్తారు. నమూనా పరీక్షలు ఎల్ప్యాక్ సైట్‌లో ఎవరైనా చూడొచ్చు. బొమ్మ చూసి మూడు నాలుగు పూర్తి వాక్యాలు చెప్పడం ఇంట్లో కాస్త అలవాటు చేస్తే చాలు. ఫారంలో పొరపాటు రాస్తే ఆ మొదటి పరీక్ష జరగకముందే ఆఫీసుకు వెళ్ళి దిద్దించుకోండి, జరిగాక దిద్దినా ఫలితం మారదు.

అన్నింటికన్నా ఎక్కువ రభస సంక్రాంతి ప్రయాణం మీద. ఇక్కడ డిస్ట్రిక్టులకు డబ్బు చాలావరకు పేర్లు ఎంతమందివి ఉన్నాయని కాదు, రోజూ ఎంతమంది వచ్చారని లెక్కేసి వస్తుంది. అందుకే హాజరు మీద అన్ని మెయిళ్ళు. ఏడాదికి 180 రోజుల బడిలో పది శాతం, అంటే 18 రోజులు మానితే ‘క్రానిక్ అబ్సెన్స్’ కింద రాస్తారు. ఇందులో జ్వరం వచ్చి మానిన రోజులు, చెప్పి మానిన రోజులు కూడా కలుస్తాయి. ఇక చెప్పుకోదగ్గ కారణం లేకుండా మూడు రోజులు మానినా, మూడుసార్లు అరగంట దాటి ఆలస్యంగా వచ్చినా ట్రూయంట్, అంటే బడి ఎగ్గొడుతున్నారని ఉత్తరం వస్తుంది. ఊరికి వెళ్ళడం చట్టం దృష్టిలో కారణం కాదు.

లెక్క వేసి చూడండి. బడి జనవరి మొదటి సోమవారం తెరిచిందనుకుందాం. కనుమ దాకా ఉండి వారాంతంలో తిరుగు విమానం ఎక్కితే రెండు బడి వారాలు, 10 రోజులు పోయాయి. తర్వాతి సోమవారం మార్టిన్ లూథర్ కింగ్ సెలవు, జెట్‌లాగ్‌కు అదొక్కటే దిక్కు. 18లో మిగిలింది 8 రోజులు, ముందున్నది ఫ్లూ కాలం.

దీనికి మార్గం ఇండిపెండెంట్ స్టడీ. 15 బడి రోజుల లోపు ప్రయాణాలకు చాలా డిస్ట్రిక్టుల్లో ఇస్తారు. ఒక ఒప్పందం మీద మీరు, టీచర్ సంతకం పెడతారు, టీచర్ వర్క్ ఇస్తారు. అది పూర్తిచేసి ఇస్తే ఆ రోజులు హాజరు కిందే పడతాయి, ఇవ్వకపోతే మామూలు గైర్హాజరే. ఎక్కువమందికి చెడేది ఇక్కడే. డిసెంబరు మూడో వారంలో అడిగితే టీచర్‌కు వర్క్ తయారుచేసే వ్యవధి ఉండదు, కాదనేస్తారు. టికెట్లు కొన్న రోజే ఆఫీసుకు మెయిల్ పెట్టడం నా పద్ధతి, థాంక్స్‌గివింగ్‌కు ముందైతే ఇంకా మంచిది. వర్క్‌షీట్లు చేతి సామానులో పెట్టుకోండి. ఊళ్ళో చుట్టాల మధ్య ఎవరూ చేయించరు, విమానంలో సగం అయిపోవాలి. తిరిగొచ్చిన మొదటి రోజే ఆ కట్ట టీచర్‌కు ఇవ్వాలి, ఇచ్చేముందు ప్రతి పేజీ ఫోటో తీసి ఉంచుకోండి. నెలా రెండు నెలలు ఉండిపోదామనుకుంటే మాత్రం ముందే అడగండి. పేరు తీసేసి, వచ్చాక మళ్ళీ చేర్చుకునేటప్పుడు అదే బడిలో సీటు లేదని పక్క బడికి పంపే డిస్ట్రిక్టులున్నాయి.

ఫోన్ల మీద కొత్త నియమాల మెయిల్ కూడా వస్తుంది. ఏబీ 3216 చట్టం ప్రకారం 2026 జులై 1 కల్లా ప్రతి డిస్ట్రిక్టూ స్మార్ట్‌ఫోన్లను పరిమితం చేసే విధానం పెట్టుకోవాలి. అత్యవసరానికి, వైద్య అవసరానికి, టీచర్ అనుమతిస్తే మినహాయింపు ఉంది. స్మార్ట్‌వాచీ సంగతి డిస్ట్రిక్టును బట్టి మారుతుంది, కొనేముందు చదవండి. భోజనం 2022-23 నుంచి ఆదాయంతో పనిలేకుండా అందరికీ ఉచితం. అయినా ఆదాయం ఫారం పంపితే నింపండి, డిస్ట్రిక్ట్‌కు వచ్చే నిధులు దాన్ని బట్టి కూడా ఉంటాయి. మెనూలో వెజిటేరియన్ అన్నచోట గుడ్డు ఉండొచ్చు. కార్చిచ్చుల పొగ కమ్మిన రోజుల్లో ఏక్యూఐ (గాలి నాణ్యత సూచీ) 150 దాటితే సాధారణంగా ఆటలు లోపలికి మారతాయి, ఉబ్బసం ఉన్న పిల్లల ఇన్‌హేలర్ ఫారం ఆగస్టులోనే ఇచ్చేయాలి. అక్టోబరు మూడో గురువారం భూకంపం డ్రిల్.

దీపావళిని కాలిఫోర్నియా రాష్ట్ర సెలవుల్లో చేర్చింది: ఏబీ 268, 2026 జనవరి నుంచి అమలు. దాంతో బడులన్నీ మూసేస్తారని అనుకోకండి, మూసే అధికారం డిస్ట్రిక్టులకు ఇచ్చారంతే. 2026లో దీపావళి ఎలాగూ ఆదివారం, నవంబరు 8. మూయనిచోట పండుగ కోసం మానాలంటే ముందుగా రాసిచ్చి ప్రిన్సిపాల్ ఒప్పుకుంటే ఆ రోజు ఎక్స్‌క్యూజ్డ్ కింద పడుతుంది. ఏ రోజు సెలవు, ఏ రోజు తెరవాలన్నది డిస్ట్రిక్ట్‌ను నడిపే స్కూల్ బోర్డు సమావేశంలో క్యాలెండర్ ఆమోదించేటప్పుడు తేలుతుంది. మామూలు సమావేశాల అజెండా 72 గంటల ముందు బయటపెట్టాలి, ఎవరైనా వెళ్ళి మాట్లాడొచ్చు, సాధారణంగా మూడు నిమిషాలిస్తారు. పౌరసత్వం అడగరు. బడులు మూయడం, హద్దులు మార్చడం వంటివి తేలేదీ అక్కడే. ఆ అజెండా మెయిల్ సబ్జెక్టులో ‘రెగ్యులర్ బోర్డ్ మీటింగ్’ అని తప్ప ఇంకేమీ ఉండదు, తెరిచి చూడండి.