లలలా వంతు మాది

మన బళ్లో ఇంగ్లీషు పాటంటే ప్రార్థనగీతమో, వార్షికోత్సవానికి వల్లె వేయించే స్వాగతగీతమో. ఆ వరుసలోకి ‘సింగ్’ను తెచ్చింది సంగీతం టీచరుగారు. పాడింది కార్పెంటర్స్: పియానో, వాద్యాల కూర్పు అన్న రిచర్డ్‌ది, గొంతు చెల్లెలు కారెన్‌ది.

నిజానికి పాట పుట్టింది వాళ్ల కోసం కాదు. అమెరికాలో 1969లో మొదలైన పిల్లల టీవీ కార్యక్రమం ‘సెసమీ స్ట్రీట్’ కోసం జో రపోజో 1971లో రాసి, బాణీ కట్టాడు. 1973లో ఓ టీవీ కార్యక్రమం చేస్తూ అన్నాచెల్లెళ్లు దాన్ని విని రికార్డు చేశారు. ప్రేమగీతాలతో పేరు తెచ్చుకున్నవాళ్లు పిల్లల పాట ఎత్తుకోవడం సాహసమే. అదేమో అమెరికాలో పాటల ఆదరణను లెక్కగట్టే బిల్‌బోర్డ్ పట్టికలో 3వ స్థానం దాకా ఎక్కింది. కార్పెంటర్స్ పాటలు వట్టి చక్కెరపాకమని ఈసడించిన విమర్శకులున్నారు. నన్నడిగితే, వాళ్లు ఒక్కసారి ఈ పాటను నలభైమంది పిల్లలతో శ్రుతి తప్పకుండా పాడించి చూడాల్సింది.

టీచరుగారు మాటలున్న భాగం పెద్ద తరగతులకిచ్చి, ఉత్త లలలా ఆరో తరగతి వాళ్లమైన మాకు వదిలారు. ఇదేం వంతని చిన్నబుచ్చుకున్నాం. తీరా చూస్తే పాటకు ప్రాణం అక్కడే; రికార్డులోనూ కారెన్‌తో పిల్లల బృందం గొంతు కలిపేది ఆ చోటే. పదో తరగతి అక్క ఒకరు హార్మోనియం మెట్టు మీద వేలు తీయకుండా శ్రుతి పట్టి ఉంచేవారు. టీచరుగారు వరుసల మధ్య వంగి నడుస్తూ ఒక్కొక్కరి నోటి దగ్గర చెవి పెట్టి, “అరవకు నాన్నా, పక్కవాడి గొంతు నీకు వినబడాలి” అనేవారు.

1974లో జపాన్ వెళ్లినప్పుడు కార్పెంటర్స్ ఈ పాటను అక్కడి పిల్లలతో కలిసి, కొంత జపనీస్‌లో పాడారు. మాటలు మారాయి, లలలాను మార్చే పని పడలేదు.

కారెన్ 1983లో, 32 ఏళ్లకే కన్నుమూసింది. ‘సెసమీ స్ట్రీట్’ బొమ్మలు చేసిన జిమ్ హెన్సన్ బృందం సినిమాలోని ‘రెయిన్‌బో కనెక్షన్’నూ ఆమె పాడింది. ఆ రికార్డు బయటికి వచ్చింది మాత్రం ఆమె పోయిన చాలా ఏళ్లకు.

ఈసారి కలిసినప్పుడు ‘సింగ్’ పాడదామని మా బ్యాచ్ పట్టుబడుతోంది. గొంతులు బరువెక్కాయని ఎవరూ జంకనక్కర్లేదు, కారెన్‌ది మంద్రస్వరమే. పైస్థాయి లలలా మన పిల్లలకు అప్పగిద్దాం.