యుగాంతం వేరు, ప్రళయం వేరు

మా ఇంట్లో ప్రళయమంటే తాతయ్య కోపం. "కాఫీ ఆలస్యమైతే ప్రళయమే" అనేది నాయనమ్మ. టీవీ వాళ్లకైతే గట్టి వాన పడితే చాలు, జలప్రళయం. మాది దివిసీమ. 1977 నవంబరు 19న వేల ప్రాణాలు తీసుకెళ్లినదాన్ని మావాళ్లు ఇప్పటికీ ఉప్పెన అనే అంటారు. ఏ మాట ఎక్కడ వాడాలో వాళ్లకి బాగా తెలుసనిపిస్తుంది నాకు.

ప్రళయంలో ఉన్నది లయం. కరిగి, పుట్టినచోటే కలిసిపోవడం. పురాణాలు దాన్ని నాలుగు రకాలుగా చెప్పాయి. బ్రహ్మకి ఒక పగలు, అంటే మన 432 కోట్ల ఏళ్లు, గడిస్తే వచ్చేది నైమిత్తికం. ఆయన ఆయుష్షే తీరితే ప్రాకృతికం. జ్ఞానంతో జీవుడు పరమాత్మలో లీనమైతే ఆత్యంతికం. అంటే మోక్షం కూడా ఒక ప్రళయమే! ఇక నాలుగోది నిత్యప్రళయం. ప్రాణులు రోజూ రాలిపోతూ ఉండటమే అది. వేదాంతులు మన గాఢనిద్రకి కూడా ఆ పేరే పెట్టారు. రాత్రి లోకమంతా మనలో లయమై, తెల్లారేసరికి మళ్లీ పుడుతుంది. ఇంత అందమైన ఊహని భయపెట్టడానికి వాడుతుంటే బాధేస్తుంది.

యుగాంతం సంగతి వేరు. ఒక యుగం పోతే ఇంకోటి వస్తుంది, అంతే. కలి తర్వాత మళ్లీ కృతయుగం. 2012 డిసెంబరు 21న మాయన్ల క్యాలెండర్‌లో 5,125 ఏళ్ల పెద్ద లెక్క ఒకటి పూర్తయింది. దానికి మన ఛానెళ్లు యుగాంతమని పేరు తగిలించి నెలల తరబడి మోగించాయి. నేను బడిలో తెలుగు చెప్తాను. ఆరో తరగతి పిల్ల ఒకతి "టీచర్, శుక్రవారం అందరం చచ్చిపోతామా?" అని ఏడ్చింది. ఆ కోపం నాకింకా తగ్గలేదు.

ఆ రోజు పిల్లలందరికీ సంకల్పం చెప్పించాను. ఏ వ్రతానికైనా పంతులుగారు చదివేదే: "శ్వేతవరాహ కల్పే, వైవస్వత మన్వంతరే, కలియుగే, ప్రథమ పాదే". కలియుగం మొత్తం 4,32,000 ఏళ్లు. మొదలైంది క్రీ.పూ. 3102లో. తీసివేత బోర్డు మీద వాళ్లచేతే చేయించాను. ఇంకా 4,26,000 ఏళ్ల పైమాటే మిగిలింది. మొదటి పాదమే ఇంకా దాటలేదు.