లిథియం లెక్క తేలేదాకా: నా అనుభవం

క్షార లోహాల పాఠంలో సగం సులువుగానే వచ్చేసింది. బాహ్య కక్ష్యలో ఒక్కటే ఎలక్ట్రాన్. సోడియంకి 2, 8, 1. ఆ ఒక్కటి పోతే నియాన్ విన్యాసం, అంటే నిండిన, స్థిరమైన అమరిక. మొదటి ఎలక్ట్రాన్ తీయడానికి మోల్‌కి 496 కిలోజౌళ్లు చాలు, రెండోదానికి 4562 కావాలి. సోడియం +2 ఎందుకు కాదో ఈ రెండు అంకెలు చూశాక ఇక ఎవరినీ అడగలేదు.

టెన్షన్ పెట్టింది లిథియం. అయనీకరణ శక్తి, అంటే ఆ మొదటి ఎలక్ట్రాన్ తీయడానికి పట్టే శక్తి, లిథియంకి 520, పొటాషియంకి 419. అంటే పొటాషియమే తేలిగ్గా ఎలక్ట్రాన్ వదలాలి. ద్రావణంలో లోహం ఎలక్ట్రాన్‌ని ఎంత తేలిగ్గా వదులుతుందో చెప్పేది ఎలక్ట్రోడ్ పొటెన్షియల్; అంకె ఎంత రుణాత్మకమైతే అంత తేలిక. ఆ పట్టికలో చూస్తే లిథియం −3.04 వోల్టులు, పొటాషియం −2.93, సోడియం −2.71. ద్రావణంలో లిథియమే బలమైన క్షయకరణి, అంటే ఎలక్ట్రాన్ ఇచ్చేది! పట్టిక తప్పేమోనని ఇంకో రెండు పుస్తకాలు తిరగేశాను. అన్నింటిలోనూ అదే.

ల్యాబ్‌లో మాకు మూడింటినీ వరుసగా నీళ్లలో వేసి చూపించారు. కళ్లద్దాలు, ముందు అడ్డు తెర, తొట్టెలో కాస్త ఫినాఫ్తలీన్ (క్షారం తగిలితే గులాబీ రంగుకు మారే సూచిక). ముక్కలు పెసరగింజంత. లిథియం తేలుతూ, హైడ్రోజన్ బుడగలు వదులుతూ నింపాదిగా తరిగింది. సోడియం బుస్సుమంటూ గుండ్రటి బొట్టుగా మారి నీటి మీద పరుగులు తీసింది, వెనకాలే గులాబీ చార. పొటాషియం పడీ పడగానే ఊదారంగు మంట.

నా కళ్లు ఆగింది ఆ బొట్టు దగ్గరే. సోడియం 98 డిగ్రీలకే కరుగుతుంది, పొటాషియం 63కే. కరిగిన లోహానికి కొత్త ఉపరితలం నీటికి తగులుతూనే ఉంటుంది. లిథియంకి 180 డిగ్రీలు కావాలి, అందుకే అది గడ్డగానే ఉండిపోయింది. దానికి తోడు ఎలక్ట్రాన్‌ని వదలడమూ కష్టమే. మరి −3.04 ఎక్కడిది? లిథియం అయాన్ చాలా చిన్నది, నీటి అణువులను గట్టిగా పట్టుకుంటుంది. అప్పుడు వెలువడే ఆర్ద్రీకరణ శక్తి, ఎలక్ట్రాన్ తీయడానికి పెట్టిన ఖర్చును పూడ్చేస్తుంది. ఎంత శక్తి వస్తుందన్నది ఒక ప్రశ్న, ఎంత వేగంగా వస్తుందన్నది వేరే ప్రశ్న. పుస్తకాలు రెంటినీ ‘చర్యాశీలత’ అనే ఒకే మాట కింద కలిపేస్తాయి, నాకు నచ్చనిది అదే.

మిగిలిన సోడియం తునకలను సింక్‌లో పారేయలేదు. మంట దరిదాపుల్లో లేకుండా, ఫ్యూమ్ హుడ్‌లో (వాయువులను బయటికి లాగేసే గూడులో) ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో వేశారు. అక్కడా హైడ్రోజనే వస్తుంది, కానీ నెమ్మదిగా. బుడగలు పూర్తిగా ఆగాకే మమ్మల్ని బయటికి వదిలారు.