డానహర్ లోయ నుంచి మోసుకొచ్చిన మాంసం

గోదావరి జిల్లాల్లో మేకమాంసాన్ని వేటమాంసం అంటారు. దాని వెనుక ఏ వేటా ఉండదు, ఆదివారం పొద్దున్నే కొట్టు ముందు నిలబడి తెచ్చుకునేదే. ఆ మాట వింటూ పెరిగిన నేను నిజంగా వేటాడిన మాంసాన్ని చేత్తో పట్టుకున్నది నలభై ఏళ్ళు దాటాక, అమెరికాలోని మోంటానా రాష్ట్రంలో, బాబ్ మార్షల్ అరణ్యంలో. 1964 నాటి చట్టం కింద రక్షణ పొందిన ఆ అడవిలోకి మోటారు బండినే కాదు, సైకిలునూ తోపుడు బండినీ కూడా రానివ్వరు. అందుచేత లోపల ఏ జంతువును కొట్టినా మాంసం మనిషి వీపు మీదో, గుర్రం వీపు మీదో బయటికి రావలసిందే.

సెప్టెంబరు మూడో వారంలో ఒవాండో ఊరికి ఎగువన, బ్లాక్‌ఫుట్ నది ఉత్తర పాయ వెంట మా ప్రయాణం మొదలైంది. నేనూ, నాతో పనిచేసే మిత్రుడూ, రెండు స్వారీ గుర్రాలూ, రెండు కంచరగాడిదలూ. వేట లైసెన్సు అతనిదే. నేను సాయానికి వెళ్ళినవాణ్ణి. రోజున్నరకు డానహర్ లోయ చేరుకుని గుడారం వేశాం. మూడో నాడు తెల్లవారుజామున అతను ఒకే ఒక్క గుండుతో మగ ఎల్క్‌ను పడగొట్టాడు. మన నల్లమల కణితికి దూరపు చుట్టమైన ఆ జంతువు మూడు వందల కిలోలకు తక్కువ ఉండదు. ఇద్దరం కలిసి దాన్ని ఒక పక్కకు తిప్పడానికే ఆయాసపడ్డాం.

అసలు పని అప్పుడే మొదలైంది. ఎల్క్ చర్మం దుప్పటిలా మందంగా ఉండి లోపలి వేడిని బయటికి పోనివ్వదు కనుక, ఆలస్యమైతే తొడ ఎముక చుట్టూ ఉన్న మాంసం ముందుగా పులుస్తుంది. మిత్రుడు పొట్ట చీల్చలేదు. మెడ నుంచి తోక దాకా వెన్ను మీదుగా కోసి, చర్మాన్ని పొట్ట వైపుకు ఒలిచాడు. ముందుకాలు ఎత్తి పట్టుకోమన్నాడు. జబ్బకూ మొండేనికీ మధ్య ఎముక కీలు ఉండదని అప్పుడే తెలిసింది. కత్తి కండల మధ్య నుంచి మెత్తగా జారిపోయి, కాలు మొత్తం నా చేతుల్లోకి వచ్చింది. వెనక తొడ అంత తేలిగ్గా లొంగలేదు. తుంటి కీలు ఎక్కడుందో వేలితో వెతికి, కత్తి మొన దింపి, గుండ్రటి ఎముకను గుంటలోంచి విడదీయాలి. తొడ లోపలి వైపు చెయ్యి పెడితే, అప్పుడే గంజి వార్చిన అన్నం గిన్నెను తాకినట్టు ఉంది. చివరి పక్కటెముక వెనుక నుంచి చెయ్యి దూర్చి నడుం లోపలి మెత్తని కండలను కూడా తీశాక, పేగులు పేగుల్లాగే మిగిలాయి.

అది గ్రిజ్లీ ఎలుగుబంట్లు తిరిగే చోటు. కళేబరం దగ్గర మాంసం ఉంచకూడదని, ముక్కలను పలుచటి నూలు సంచుల్లో వేసి దూరంగా మోసుకెళ్ళి, నేలకు పది అడుగుల ఎత్తున, మానుకు నాలుగు అడుగుల ఎడంగా వేలాడదీశాం. మర్నాడు పొద్దున మాంసం చల్లబడి, చేతికి అంటకుండా పైన పొరగట్టి ఉంది.

బరువులు ఎత్తడం మరో విద్య. డెక్కర్ జీను అంటే రెండు ఇనుప కమానులున్న గంత అనుకోండి. మాంసాన్ని కాన్వాసు గుడ్డలో మూటకట్టి, ఆ కమానులకు రెండు పక్కలా తాళ్ళతో వేలాడదీస్తారు. సూత్రం కావడిదే: రెండు పక్కలూ సరితూగాలి. అందుకే మిత్రుడు ప్రతి మూటనూ స్ప్రింగ్ త్రాసుకు తగిలించి చూశాడు. నెత్తురు వాసనకు గాడిద బెదురుతుందేమోనని దాని ముక్కుకు కాస్త నెత్తురు రాసి, కళ్ళకు కోటు కప్పాడు. మొదటి గాడిద మీద తొడలు రెండూ సమంగా కూర్చున్నాయి. రెండోదాని మీద జబ్బలూ, పైన కొమ్ములూ కట్టాక, మెడ మాంసం సంచి ఒకటి విడిగా కనిపించింది. అతను గుర్రాలకు జీను బిగిస్తుండగా, సాయం చేస్తున్నాననుకుని, నేను దాన్ని తూకం వేయకుండానే కుడి మూటలోకి దోపాను.

రెండు గంటల తర్వాత దిగుడు దారిలో ఆ జీను కుడివైపుకు ఒరిగింది. గాడిద గంతులు వేయలేదు, కాళ్ళు బిగబట్టి అక్కడే నిలబడిపోయింది. గుర్రమైతే లోయలోకి దూకేదని మిత్రుడన్నాడు, గుర్రాల మీద అతనికున్న చిన్నచూపు వేరే సంగతి. అతను మూటలు దించి, కుడి మూటను త్రాసుకు తగిలించి, అంకెను నాకు చూపించాడు. ఎడమదాని కంటే ఆరు కిలోలు ఎక్కువ. జీను తీస్తే గాడిద వీపంతా చెమటతో తడిసి ఉంది. కుడి భుజం వెనుక మాత్రం అరచేయంత మేర పొడిగా ఉండి, ముట్టుకుంటే ఉబ్బు తెలిసింది. చెమట పట్టని ఆ చోటే జీను నొక్కిన చోటు. వాగునీళ్ళలో తడిపిన గుడ్డ అక్కడ వేసి, ఇక దాని మీద బరువు పెట్టకూడదన్నాడు.

జబ్బలూ కొమ్ములూ నా స్వారీ గుర్రం మీదికి ఎక్కాయి. కొమ్ముల మొనలు దాని డొక్కకు తగలకుండా నా కోటు మడిచి అడ్డుగా కట్టాం. ఒవాండో వైపు మిగిలిన దారంతా నేను ఒక చేత్తో గుర్రం పగ్గం, ఇంకో చేత్తో గాడిద పగ్గం పట్టుకుని నడిచాను.