గేజ్ కొనే ముందు కాళ్ళు కొలవండి

టెలిస్కోపు అద్దం అరగదీయడం మొదలుపెట్టగానే గోళమాపకానికి (మూడు కాళ్ళ మీద నిలిచి, నడిమి ముల్లుతో అద్దం గుంట లోతు కొలిచే పరికరం) ఖరీదైన డయల్ గేజ్ కోసం వెతుకుతాం. కొలత ఎక్కువగా చెడేది మాత్రం మూడు కాళ్ళ దగ్గరే.

8 అంగుళాల అద్దం, నాభ్యంతరం (అద్దం నుంచి సూర్యబింబం పడే దూరం) 1200 మి.మీ., వక్రతా వ్యాసార్థం (అద్దం ఏ గోళంలో ముక్కో దాని వ్యాసార్థం) 2400 అనుకుందాం. కాళ్ళు 50 మి.మీ. వ్యాసార్థపు వృత్తం మీద ఉంటే నడిమి లోతు 0.52 పైచిలుకు రావాలి. లోతు నుంచి వక్రతా వ్యాసార్థం రావాలంటే 50ని 50తో హెచ్చించి, లోతుకు రెట్టింపుతో భాగించి, లోతులో సగం కలపాలి. కాళ్ళకు పావు అంగుళం సైకిల్ బాల్స్ అతికిస్తే బాల్ వ్యాసార్థం 3.2 కూడా కలపాలి.

50 రెండుసార్లు వచ్చింది కదా, అందుకే అక్కడ అర మిల్లీమీటరు తప్పితే అద్దం వక్రతా వ్యాసార్థం 48 మి.మీ. తప్పుతుంది. 0.01 మి.మీ. గేజ్‌లో ఒక గీత తప్పు చదివినా 46 తప్పుతుంది. మైక్రాన్ (మి.మీ.లో వెయ్యో వంతు) గేజ్ కొని కాళ్ళను స్కేలుతో కొలిస్తే ఆ డబ్బు దండగే.

కాగితం మీద కాళ్ళు అద్ది చుక్కల మధ్య కొలిచే పద్ధతి నాకు నచ్చదు. బరంపురంలోనో పర్లాకిమిడిలోనో లేత్ షాపుకు వెళ్ళి వెర్నియర్ కాలిపర్ అడగండి. రెండు బాల్స్‌ను బయటి అంచుల నుంచి పట్టి కొలిచి 6.35 తీసేయండి. మూడు జతల సగటును 1.732తో భాగిస్తే కాళ్ళ వృత్తం వ్యాసార్థం వస్తుంది. నడిమి ముల్లు ఒక మిల్లీమీటరు పక్కకు జరిగినా భయం లేదు, తేడా 0.2 మైక్రానే.

గేజ్‌కు సున్నా పెట్టడానికి 12 మి.మీ. మందం గాజు పలక కావాలి, కిటికీ గాజు ఒంగుతుంది. గోపాలపూర్ సముద్రపు గాలికి బాల్స్ తుప్పు పడతాయి. నూనె రాసి ఉంచండి, కొలిచే ముందు పూర్తిగా తుడవండి.

అద్దం అరగదీసే 80 నంబరు పొడి రేణువు సుమారు 0.2 మి.మీ. ఉంటుంది. ఒక్క కాలి కింద ఇరుక్కుంటే నడుమ సుమారు 0.07 లేస్తుంది, అంటే లోతు నూటికి పదమూడు వంతులు ఎక్కువ చూపిస్తుంది. అద్దం బాగా కడిగి, గోళమాపకాన్ని తిప్పి తిప్పి మూడుసార్లు చదవండి.

తరవాత దాన్ని అంచువైపు 40 మి.మీ. జరపండి. అక్కడ లోతు తగ్గితే నడుమ ఎక్కువ తవ్వుకుపోయిందన్నమాట, ఇంకా గోళం కాలేదు. ఇంకా సన్నని 120 పొడితో, వ్యాసంలో మూడో వంతు స్ట్రోకులతో రెండు చోట్లా ఒకే అంకె వచ్చేదాకా రుద్దండి. లోతు మితిమీరితే అద్దాన్ని కిందపెట్టి టూల్‌ని (అద్దాన్ని రుద్దే బిళ్ళని) పైన నడిపితే తగ్గుతుంది.

220 పొడి కూడా అయ్యాక అద్దం తడిపి సూర్యబింబాన్ని గోడ మీద పట్టి, టేపుతో దూరం చూడండి. 1200కి రెండు సెంటీమీటర్లకు మించి తేడా ఉంటే మళ్ళీ కాళ్ళే కొలవాలి.