గుడ్డ మూటలు

“అలా కాదమ్మా, ఇంకొంచెం పైకి ఎగరెయ్యాలి” అంటూ మామ్మగారు నా చేతిలోంచి గుడ్డ మూట తీసుకున్నారు.

జపాన్‌లోని మైజురు రేవులో, మళ్లీ కట్టిన ఆ చెక్క జెట్టీ దగ్గర కూర్చున్నాం. ఎనభై దాటిన వేళ్లు. అయినా మూటలు ఒక్కటీ కింద పడలేదు. ఈ ఆటని ఒతెదామా అంటారు. మన అచ్చనగాయలే అనుకోండి, రాళ్ల బదులు గింజలు పోసి కుట్టిన గుడ్డ.

యుద్ధంలో జపాన్ ఓడిపోయాక, 1946లో మంచూరియా (ఈశాన్య చైనా) నుంచి ఓడలో స్వదేశానికి వచ్చేటప్పటికి ఆవిడకు ఏడేళ్లు. పక్కనే ఇంకో పిల్ల. ఇద్దరికీ మగపిల్లల్లా కత్తిరించేసిన జుట్టు. దారిలో ఆడపిల్లలని తెలియకూడదని తల్లులు చేసిన పని. మూటల్లో ఉన్నవి జొన్నలు. ఎంత ఆకలేసినా విప్పనివ్వలేదట ఆ పిల్ల.

దిగగానే పేలు చావడానికి తల మీద డీడీటీ పొడి కొట్టారు. తెల్లబడ్డ తలలు చూసుకుని ఇద్దరూ పడీపడీ నవ్వారట. అది చెబుతూ ఇప్పుడూ నవ్వారు.

తర్వాత ఎవరి రైలు వాళ్లది. ఆ పిల్ల ఇంటిపేరు కూడా అడగలేదు. ఏడేళ్లప్పుడు ఎవరు అడుగుతారు?

1945 నుంచి 1958 దాకా ఈ ఒక్క రేవుకే అలా తిరిగొచ్చినవాళ్లు దాదాపు 6 లక్షల 60 వేల మంది చేరారు. పొద్దున మ్యూజియంలో ఆ అంకె చదివి ముందుకెళ్లిపోయాను. ఇప్పుడు అందులో నాకు రెండు తెల్లటి తలలే కనిపిస్తున్నాయి.

బస్సు వచ్చింది. “తనకీ నా ఇంటిపేరు తెలీదు కదా” అంటూ మూటలు రుమాల్లో చుట్టి సంచిలో పెట్టుకున్నారు.