పది వేళ్లూ పనికిరావన్నారు

మా అమ్మ బ్యాంకు ఖాతా నిన్ననే మళ్లీ పనిచేయడం మొదలుపెట్టింది. దానికోసం పంతొమ్మిది రోజులు తిరిగిన కోపం చల్లారకముందే ఇది రాస్తున్నాను.

అమ్మ పాకాల దగ్గరి పల్లెలో ఉంటుంది, నేను తిరుపతిలో ఉంటాను. ఆమె పొదుపు సంఘానికి బ్యాంకు లింకేజీ అప్పు, అంటే సంఘం మొత్తానికి కలిపి బ్యాంకు ఇచ్చే అప్పు, మంజూరైంది. ఆవు కొనుక్కోవడానికి ఆమె వాటా నలభై వేలు సొంత ఖాతాలో పడవలసి ఉండగా, ఆ ఖాతా ఆగిపోయిందని సంఘాల లెక్కలు చూసే సంఘమిత్ర ఫోను చేసి చెప్పింది. 2014లో జన్‌ధన్ వచ్చిన కొత్తలో ఊరందరితో పాటు తెరిచిన ఖాతా అది. వితంతు పింఛను నెలనెలా ఇంటికే తెచ్చి చేతికిస్తారు, పొదుపు డబ్బు సంఘం ఖాతాలోకి పోతుంది, కాబట్టి సొంత ఖాతాతో ఆమెకు పనే పడలేదు. రెండేళ్లపాటు లావాదేవీ లేకపోతే బ్యాంకు దాన్ని పక్కన పెట్టేస్తుంది. ప్రపంచ బ్యాంకు 2021 సర్వేలో మన దేశపు పెద్దవారిలో 78 శాతం మందికి ఖాతాలున్నట్లు తేలింది. ఖాతా ఉన్నవారిలో 35 శాతం మంది ఏడాదిలో ఒక్కసారి కూడా దాన్ని వాడలేదని అదే సర్వే చెప్పింది. మా అమ్మ ఈ రెండు లెక్కల్లోనూ ఉంటుంది.

దరఖాస్తు, ఆధార్ నకలు, రెండు ఫొటోలు అరగంటలో సిద్ధమయ్యాయి.

తరువాత కౌంటరులోని ఉద్యోగి చిన్న యంత్రాన్ని ముందుకు తోసి బొటనవేలు పెట్టమన్నాడు. ముద్ర పడలేదు. ముప్పై ఏళ్లుగా చింతకాయలు కొట్టి, పీచు లాగి, గింజ తీసిన వేళ్లవి. గీతలు అరిగి నున్నగా అయిపోయాయి. కొంగుతో తుడవమన్నాడు, తడి చేయమన్నాడు, గట్టిగా అదమమన్నాడు, చివరికి తానే ఆమె వేలు పట్టుకుని అద్దం మీద నొక్కాడు. పది వేళ్లూ అయిపోయాయి. వెనుక వరుసలోనివారు విసుక్కుంటుండగా, అందరికీ వినబడేటట్లు, "ఈ వేళ్లు పనికిరావమ్మా, ఆధార్ సెంటరుకు పోయి కొత్తగా వేయించుకుని రా" అన్నాడు.

అమ్మ చేతులు కొంగులో దాచుకుంది. "నాకు సంతకం వచ్చు సామీ, సంతకం పెడతా" అంది.

"సంతకం మిషన్లో పడదు."

ఆ మాట నన్ను ఎందుకంత కాల్చిందో చెప్పాలి. ప్రపంచ బ్యాంకు రుణంతో 2000లో, పేద ఆడవాళ్ల పొదుపు సంఘాలను నిలబెట్టే వెలుగు ప్రాజెక్టును మొదలుపెట్టిన ఆరు జిల్లాల్లో చిత్తూరు ఒకటి, పాకాల అప్పుడు ఆ జిల్లాలోనే ఉండేది. మా ఊరి సంఘంలో తీర్మానాల పుస్తకంలో వేలిముద్ర వేయకూడదని, ప్రతి సభ్యురాలూ సంతకమే చేయాలని నియమం పెట్టుకున్నారు. అమ్మ నెల రోజులు పలక మీద పేరు దిద్దింది. గొప్ప చెప్పుకోవడమే అయినా చెబుతాను, దిద్దించింది నేనే. అప్పుడు ఆరో తరగతి చదువుతున్నాను. వేలిముద్ర వేయడం సిగ్గని పేదరాలికి నేర్పిన వ్యవస్థే ఇప్పుడు ఆ వేలే కావాలంటే ఆమె ఏం చేయాలి?

ఆధార్ సెంటరుకు రెండుసార్లు పోయాము. మొదటిరోజు సర్వరు లేదు, రెండోసారి వేలిముద్రలు తీసుకుని ఆగమన్నారు. ఆ ఖాళీలో రిజర్వు బ్యాంకు నియమాలు చదివితే అసలు సంగతి బయటపడింది. గుర్తింపుకు ఓటరు కార్డు చాలు. ఆగిన ఖాతాను తిరిగి తెరవడానికి రుసుము తీసుకోకూడదు, పూర్తి దరఖాస్తు అందిన మూడు పని రోజుల్లో పని ముగించాలి. అంటే ఆ యంత్రంతో మాకు అవసరమే లేదు.

నా సలహా వినేవారుంటే, కౌంటరులో వాదించి గొంతు ఎండబెట్టుకోకుండా తిన్నగా మేనేజరు గదికి పోండి. దరఖాస్తు రెండు ప్రతులు రాసి, ఒకదాని మీద ముద్ర, తేదీ వేయించుకోండి. ముప్పై రోజుల్లో జవాబు రాకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు విచారించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు, వివరాలకు 14448కు ఫోను చేయండి. మేనేజరు మాత్రం మర్యాదగానే మాట్లాడి, ఓటరు కార్డు చూసి, పాత ఫారం తీయించాడు. ఆ కౌంటరు మనిషే పెన్సిలుతో వేలిముద్ర గడి దగ్గర గుర్తు పెట్టి ఇచ్చాడు. అమ్మ ఆ గడిని వదిలేసి, పక్క గడిలో ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుంటూ సంతకం చేసింది. రెండో అక్షరం గీత దాటింది.

మూడో రోజున ఖాతా తెరుచుకుంది, నలభై వేలూ పడ్డాయి. ఆవు బేరం ఇంకా తెగలేదు.